బండి లాగాలంటే వాల్వు ఎప్పుడు మూసుకోవాలి?

"బండి లాగట్లేదు" అని మనం ఎప్పుడంటాం? శ్రీశైలం ఘాట్ రోడ్డులో, వెనక మనిషి, పక్కన సామాను, గేరు దించకుండానే మలుపు ఎక్కించాలని చూసినప్పుడు. నూట నలభైలో పోయేవాడి నోట ఆ మాట రాదు. లాగడం అంటే తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) టార్క్, అంటే తిప్పే బలం. అయినా క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే ఇరుసు) మార్పిద్దామని బయల్దేరినవాళ్లు ముందు అడిగేది "ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుంది?" అనే.

ఆ రెండూ ఒకటి కావు. ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350నే చూడండి. టార్క్ అత్యధికంగా 27 న్యూటన్ మీటర్లు, అది 4000 ఆర్‌పీఎం దగ్గర. పవర్ అత్యధికంగా 20.2 హార్స్‌పవర్, అది 6100 దగ్గర. ఆ 6100లో టార్క్ ఎంతో లెక్క కడితే 23 చిల్లరే వస్తుంది. అంటే ఇంజను గట్టిగా లాగడం తగ్గిపోయాక పవర్ శిఖరానికి చేరింది. పవర్ అంటే టార్క్‌ను తిరిగే వేగంతో హెచ్చించినది కాబట్టి అలాగే ఉంటుంది.

ఇప్పుడు క్యామ్ మార్పిళ్లకు పేరుపడ్డ ఇంజనుకు వద్దాం: 1999 మోడళ్లతో వచ్చిన హార్లీ డేవిడ్‌సన్ ట్విన్ క్యామ్ 88. 1449 సీసీ, బోరు (సిలిండరు వెడల్పు) 95.25 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 4 అంగుళాలు. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీది ఉబ్బులు పుష్‌రాడ్లనే కడ్డీలను నెట్టి వాల్వులు తెరుస్తాయి. ఎంత ఎత్తు తెరుస్తాయి, ఎంతసేపు తెరుస్తాయి అన్నవి అందరూ అడుగుతారు. నన్నడిగితే వాటికన్నా ముందు చూడాల్సింది గాలి, పెట్రోలు మిశ్రమం లోపలికొచ్చే ఇన్‌టేక్ వాల్వు ఎప్పుడు మూసుకుంటుందన్నది.

పిస్టన్ అట్టడుగుకు చేరి మళ్లీ పైకి బయల్దేరినా ఇన్‌టేక్ వాల్వు ఇంకా తెరిచే ఉంటుంది. ఎందుకంటే వేగంగా వస్తున్న గాలి వెంటనే ఆగదు. సాయంత్రం ఆరింటికి కోఠిలో బస్సు డోరు ఇంకాసేపు తెరిచి ఉంచితే వెనకవాళ్ల తోపుడుకే మరో నలుగురు లోపల పడతారు. అదే మధ్యాహ్నం రెండింటికి తెరిచి ఉంచితే ఎక్కినవాళ్లే దిగి టీకి పోతారు. ఇంజనుకు ఆరు గంటల రద్దీ 5000 ఆర్‌పీఎం, మధ్యాహ్నం 2000. తక్కువ వేగంలో ఆలస్యంగా మూస్తే, లోపలికొచ్చిన మిశ్రమాన్ని పిస్టనే వెనక్కి తోసేస్తుంది.

ఎంత పోతుంది? ఈ ఇంజను కొలతలతో లెక్క వేశాను. అట్టడుగు దాటాక క్రాంక్ 30 డిగ్రీలు తిరిగేసరికి వాల్వు మూసుకుంటే స్ట్రోకులో సుమారు 5 శాతమే వృథా. 60 డిగ్రీలకైతే 20 శాతం. కంప్రెషన్ (మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందన్నది) కాగితం మీద 9 అనుకుంటే, మొదటి క్యామ్‌తో నిజంగా నొక్కుడు పడేది 8.6, రెండోదానితో 7.4. పిస్టన్లు మార్చలేదు, హెడ్డు ముట్టుకోలేదు, అయినా ఇంత తేడా. అందుకే పెద్ద క్యామ్ వేయించుకున్న బండి పైన ఎగిరెగిరి పోయినా, సిగ్నల్ దగ్గర నీరసంగా కదులుతుంది.

అలాగని అన్ని ఇంజన్లకూ త్వరగా మూసే క్యామే పనికొస్తుందనుకోవద్దు. హై కంప్రెషన్ పిస్టన్లు వేసిన ఇంజనులో ఇది పెడితే సిలిండర్లో ఒత్తిడి హద్దు దాటి, మే నెల ఎండలో, పై గేరులో, గట్టిగా రేజ్ ఇవ్వగానే టకటకమని నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం) మొదలవుతుంది. కంప్రెషన్ పెంచినవాళ్లు కొంత ఆలస్యంగా మూసేది తీసుకోవాలి. కంపెనీ పిస్టన్లే ఉన్నవాళ్లకు త్వరగా మూసేది కుదురుతుంది. పిస్టన్నూ క్యామ్‌నూ వేర్వేరుగా ఎంచుకోవడంలోనే ఎక్కువ డబ్బు పాడవుతుంది.

కేటలాగు అంకెలతో ఒక తిరకాసు ఉంది. హార్లీ క్యామ్‌ల డిగ్రీలను సాధారణంగా ట్యాపెట్ (క్యామ్ ఉబ్బు మీద ఆని పుష్‌రాడ్‌ను నెట్టే ముక్క) వైపు 0.053 అంగుళాల లిఫ్ట్ (లేచిన ఎత్తు) దగ్గర కొలిచి ఇస్తారు, జపాన్ బండ్లకు 1 మిల్లీమీటరు దగ్గర. పైన నేను వేసిన లెక్క వాల్వు పూర్తిగా సీటు మీద కూర్చునే క్షణానిది. అది కేటలాగులో రాసిన డిగ్రీలకన్నా ఆలస్యంగానే వస్తుంది. కాబట్టి ఒకే పద్ధతిలో కొలిచిన అంకెలనే పక్కపక్కన పెట్టి పోల్చాలి.

ఓవర్‌ల్యాప్ (లోపలికొచ్చే వాల్వూ, పొగ బయటికి పోయే వాల్వూ రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువుంటే స్లోలో ఇంజను గడగడలాడుతుంది. ఆ చప్పుడు కోసమే కొనేవాళ్లున్నారు, వాళ్లతో వాదన లేదు. లిఫ్ట్ పెరిగితే స్ప్రింగులు తట్టుకుంటాయో లేదో, వాల్వు పిస్టన్‌కు తగులుతుందో లేదో చూడాలి. పిస్టన్ మీద మెత్తటి ప్లాస్టిసిన్ ముద్ద పెట్టి, ఇంజను చేత్తో తిప్పి, నొక్కుకుపోయిన ముద్ద మందం కొలుస్తారు. ఇంధన మ్యాపింగ్ (ఎప్పుడు ఎంత పెట్రోలు పోవాలన్న సెట్టింగు) కూడా మళ్లీ చేయించాలి.

కొత్త బండ్లకు ఈ తంటా కొంత తప్పింది. యమహా ఆర్15లోని వీవీఏ (వాల్వు తెరుచుకునే తీరును మార్చే ఏర్పాటు) 7400 ఆర్‌పీఎం దగ్గర ఒక ఇన్‌టేక్ క్యామ్ ఆకారం నుంచి ఇంకోదానికి మారుతుంది. హార్లీయే 2021 పాన్ అమెరికాలో టైమింగ్ మారే క్యామ్‌లు పెట్టింది. ట్విన్ క్యామ్‌కు మాత్రం ఒక్కటే ఎంపిక. హైవేలో టాప్ గేరులో దాని ఆర్‌పీఎం ముల్లు ఎక్కువసేపు 2500, 3000 మధ్యే ఉంటుంది. నాదైతే త్వరగా మూసే చిన్న క్యామే అడుగుతాను.

2006కు ముందు బండి అయితే, క్యామ్ కవరు ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి లోపలి చెయిన్ టెన్షనర్లు (క్యామ్‌ల చెయిన్‌ను బిగువుగా ఉంచేవి) చూడండి. స్ప్రింగుతో నొక్కే ఆ ప్లాస్టిక్ ముక్కలు అరిగి, పొడి ఆయిల్లో కలిసి పంపు దాకా పోతుంది. అవి బాగా అరిగి ఉంటే క్యామ్‌కని దాచుకున్న డబ్బులో ముందు వాటికే తీయండి.