పెద్దావిడల కాళ్ళ బలం: అపోహలు - వాస్తవాలు

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపీకి వచ్చే పెద్దావిడలు, వాళ్ళ పిల్లలు నాతో రోజూ అనే మాటలివి.

"ఇంటిపని చేస్తూనే ఉంటాను, పొద్దున్నే వాకింగ్ కూడా. ఇంకా ఎక్సర్‌సైజు ఎందుకు?"
వాకింగ్ మంచిదే, గుండెకీ షుగర్‌కీ. కానీ కాలు తట్టుకున్నప్పుడు మనిషిని నిలబెట్టేవి తొడ, పిరుదు కండరాలు, వాటికి అలవాటైన పనికంటే కాస్త ఎక్కువ కష్టం పెడితేనే అవి బలపడతాయి. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కపెట్టండి (పక్కన ఒకరు ఉండాలి). 65-69 ఏళ్ళ ఆడవాళ్ళు 11 కంటే, 70-79 ఏళ్ళవాళ్ళు 10 కంటే తక్కువసార్లు లేస్తే పడే ముప్పు ఎక్కువే. ఈ పరీక్షే వ్యాయామం కూడా, వారానికి 3 రోజులు చేయండి. దాంతోపాటు వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం.

"ఈ వయసులో ఇంకేం బలం వస్తుందండీ?"
వస్తుంది. 1990లో అచ్చయిన బోస్టన్ అధ్యయనంలో వృద్ధాశ్రమంలో ఉండే తొంభై ఏళ్ళ అటూఇటూ వాళ్ళతో 8 వారాలు కాళ్ళకు బరువులు పెట్టి చేయిస్తే, తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. మీ అమ్మగారికి డెబ్బై రెండే కదా!

"మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది, కదిలితే ఇంకా అరుగుతుంది."
తొడ ముందు కండరం గట్టిపడితే చాలామందికి నొప్పి తగ్గుతుంది. చేసిన రోజు కొంచెం నొప్పి ఉండి మర్నాటికి సర్దుకుంటే ఫర్వాలేదు, వాపొస్తే మాత్రం తగ్గించి చేయాలి.

"ఒకసారి పడింది, ఇక మంచం దిగనివ్వం."
నాకు కోపం తెప్పించే మాట ఇదే, ప్రేమతో అంటారని తెలిసినా. మంచినీళ్ళు కూడా మంచం దగ్గరికే అందిస్తే కాళ్ళు ఇంకా నీరసపడి, బాత్రూమ్‌కి లేచిన రాత్రి మళ్ళీ పడతారు. పట్టుకోడానికి గోడకి రాడ్డు బిగించండి, నడవనివ్వండి.

"కాల్షియం వేస్తున్నాం కదా."
అది ఎముకకి, కండకి కాదు. రాత్రి చారన్నంతో సరిపెట్టుకునే ఆవిడకి కావలసింది గుడ్డు, పప్పు, పెరుగు, శనగలు. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ని అడిగాకే.

ఇక నిద్రమాత్రలు, బీపీ మందుల వల్ల కూడా పడతారు. లేవగానే కళ్ళు తిరుగుతుంటే డాక్టర్‌కి చెప్పండి, మీ అంతట మీరే మందు ఆపేయకండి.