కార్మికులు మార్పును అడ్డుకుంటారా? మార్పు సలహాదారుల పనిపై అపోహలు - వాస్తవాలు

సంస్థల్లో పని పద్ధతులు మార్చాలనుకున్నప్పుడు యాజమాన్యాలు పిలిచే సలహాదారుల్లో నేనొకడిని. మా పని గురించి పదేపదే వినే మూడు మాటలకు జవాబు ఇది.

అపోహ: కొత్తది ఏది తెచ్చినా కార్మికులు అడ్డుకుంటారు. అది వాళ్ల స్వభావం.

వాస్తవం: అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, మేరియన్ పట్టణంలో హార్వుడ్ అనే పైజామాల కర్మాగారం ఉండేది. పని మారినప్పుడల్లా అక్కడ ఉత్పత్తి పడిపోయేది, చాలామంది మానేసేవారు. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే పరిశోధకులు అక్కడ చేసిన ప్రయోగ ఫలితాలను 1948లో ప్రచురించారు. ఒక బృందానికి మార్పు గురించి వివరించి, అమలు చేయమన్నారు. 40 రోజుల్లో వారిలో 17 శాతం మంది వెళ్లిపోయారు. కొత్త పని ఎలా ఉండాలో అందరూ కలిసి తేల్చుకున్న బృందాల్లో ఒక్కరూ మానలేదు. ఉత్పత్తి పాత స్థాయిని 14 శాతం దాకా దాటింది. దాదాపు రెండున్నర నెలల తర్వాత, మొదటి బృందంలో మిగిలినవారికీ అదే అవకాశం ఇస్తే వాళ్లూ త్వరగా పుంజుకున్నారు. మనుషులు వాళ్లే కదా!

నేను పనిచేసిన ఒక కర్మాగారంలో మహిళలు కొత్త షిఫ్టుకు మొండికేస్తున్నారని చెప్పారు. వెళ్లి అడిగితే, రాత్రి పది దాటాక వాళ్ల ఊళ్లకు బస్సు లేదు. ఆ సంగతి అంతవరకు ఎవరూ అడగలేదు.

అపోహ: మార్పు ప్రయత్నాల్లో 70 శాతం విఫలమవుతాయి.

వాస్తవం: రీఇంజినీరింగ్ (పని పద్ధతులను మొదటి నుంచి కొత్తగా రూపొందించడం) చేపట్టిన సంస్థల్లో 50 నుంచి 70 శాతం దాకా అనుకున్న ఫలితాలు సాధించలేదని మైకేల్ హామర్, జేమ్స్ చాంపీ అనే రచయితలు 1993లో రాశారు, అది శాస్త్రీయం కాని అంచనా అని వాళ్లే చెప్పారు. 2011లో మార్క్ హ్యూస్ అనే పరిశోధకుడు పరిశీలిస్తే ఆ 70 శాతానికి సరైన ఆధారం కనిపించలేదు. ఈ అంకెతో భయపెట్టి పని సంపాదించడం తప్పు.

అపోహ: ఫీజు ఇచ్చేది యాజమాన్యమే కాబట్టి సలహాదారు యాజమాన్యం మనిషే.

వాస్తవం: మమ్మల్ని నమ్మి మాట్లాడినవారికీ మేము బాధ్యులమే. ఎవరేమన్నారో పేర్లతో చెప్పనని ఒప్పందంలోనే రాయిస్తాను. ముగ్గురే ఉన్న విభాగమైతే పేరు లేకపోయినా మనిషి తెలిసిపోతాడు. అప్పుడు ఆ మాటలను నివేదికలోకి రానివ్వను.

ఎవరిని తీసేయాలో ముందే తేల్చుకుని, అభిప్రాయ సేకరణ నడపమంటే ఒప్పుకోను. ఒకసారి తెలియక నడిపాను. ఆ రోజు మనసు విప్పి మాట్లాడిన ఇద్దరి పేర్లు అప్పటికే జాబితాలో ఉన్నాయని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఏ పని ఒప్పుకునే ముందైనా, అలాంటి జాబితా ఉందా అని నేరుగా అడుగుతున్నాను.