అలైన్‌మెంట్ కన్నా ముందు వంపు దొరకాలి

కారు డివైడర్‌ను గుద్దుకుంటే మనవాళ్లు బంపర్ మార్పించి, రంగు వేయించి, ఆఖరున అలైన్‌మెంట్ చేయిస్తారు. తెర మీద టో అంకెలు పచ్చగా వెలుగుతాయి. అయినా వారం తిరక్కుండానే బండి మళ్లీ పక్కకు లాగుతుంది. మన రోడ్ల మీద తిరిగే చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకు తిప్పి సరిచేయగలిగేది ఒక్క టోనే. పైనుంచి చూసినప్పుడు చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నదే టో. ముందు నుంచి చూసినప్పుడు చక్రం వాలే క్యాంబర్; పైభాగం బయటికి వాలితే ప్లస్, లోపలికైతే మైనస్. పక్కనుంచి చూసినప్పుడు, చక్రం ఎడమకూ కుడికీ తిరిగే గీత వెనక్కి ఎంత వాలిందన్నదే క్యాస్టర్. ఈ రెంటికీ తిప్పే మర ఉండదు. దెబ్బ తగిలాక అవి మారాయంటే ఏదో ఒకటి వంగింది, లేదా జరిగింది. దాన్ని అలాగే వదిలేసి, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ మర తిప్పడమంటే గోడ పగుల్ని సున్నంతో కప్పేయడమే.

అలా కప్పిన సంగతి టై రాడ్ దగ్గరే బయటపడుతుంది. లాక్‌నట్ పక్కన పైకి కనిపించే మర చుట్లు రెండువైపులా లెక్కపెట్టండి. దెబ్బ తినని బండిలో దాదాపు సమానంగా ఉంటాయి. ఒకవైపు ఎనిమిది, రెండోవైపు పద్నాలుగు ఉంటే అక్కడేదో వంగింది, టో తిప్పి దాన్ని సర్దారన్నమాట. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి డివైడర్ దెబ్బ ఎక్కువగా కుడి ముందు చక్రం మీదే పడుతుంది. చూడటం అక్కడే మొదలుపెట్టాలి.

టో తేడా చిన్నదని వదిలేయకూడదు. చక్రం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కిలోమీటరు నడిచేలోగా టైరు సుమారు 17 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినంత అరుగుదల.

ఏ భాగం వంగిందో పట్టివ్వడానికి అలైన్‌మెంట్ రిపోర్టులో ఎవరూ చదవని ఒక గడి ఉంటుంది. అదే ఎస్‌ఏఐ (స్టీరింగ్ యాక్సిస్ ఇంక్లినేషన్). షాక్ అబ్జార్బర్ పై మౌంటు నుంచి కింది బాల్ జాయింట్ దాకా గీత గీస్తే, అది పైభాగాన ఇంజిన్ వైపు వాలి ఉంటుంది. ఆ వాలే ఎస్‌ఏఐ. దానికి క్యాంబర్ కలిపితే వచ్చే మొత్తాన్ని నిర్ణయించేది ఒకదానికొకటి బిగించి ఉన్న షాక్, నకిల్ (చక్రాన్ని మోసే ముక్క) మాత్రమే. ఉదాహరణకు ఎడమవైపు ఎస్‌ఏఐ 13 డిగ్రీలు, క్యాంబర్ సున్నా అనుకుందాం. కుడివైపు 11.5, క్యాంబర్ ప్లస్ 1.5 ఉంటే మొత్తం అక్కడా 13 వచ్చింది. షాక్, నకిల్ బాగానే ఉన్నాయి. వాటిని కింద పట్టుకున్న లోయర్ ఆర్మ్ వంగింది, లేదా ఆ ఆర్మ్‌ను బిగించే అడ్డ దూలం క్రాస్ మెంబరో, షాక్ పైభాగాన్ని బిగించే షాక్ టవరో జరిగింది. అలా కాక కుడివైపు 13, క్యాంబర్ మైనస్ 1.5 వస్తే మొత్తం 11.5కు పడిపోయింది. ఇక ఆర్మ్ జోలికి పోనక్కర్లేదు, వంపు షాక్‌లోనో నకిల్‌లోనో ఉంది.

క్యాస్టర్ సంగతి సైకిల్ తొక్కినవాళ్లకు వేరే చెప్పాలా! చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి ముందు ఫోర్క్ వెనక్కి వాలి ఉండటం ఒక కారణం. దెబ్బకు చక్రం వెనక్కి జరిగితే ఆ వైపు క్యాస్టర్ తగ్గుతుంది, బండి అటే లాగుతుంది. చక్రానికీ వెనకవైపు ఫెండర్ అంచుకూ మధ్య సందు టేపుతో కొలిచి రెండువైపులా పోల్చితే చాలావరకు తెలిసిపోతుంది.

స్టీరింగ్ బిగుసుకుపోతుంటే దారి వేరు. ముందు రెండు చక్రాలనూ లేపి, జాక్ మీద నమ్మకం పెట్టుకోకుండా స్టాండ్లు వేసి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. ఒకచోట పట్టేస్తే టై రాడ్ ఎండ్లు నకిల్ నుంచి విడదీసి మళ్లీ తిప్పండి. ఇంకా పట్టేస్తుంటే ర్యాక్‌లోనో (స్టీరింగ్ తిప్పితే టై రాడ్లను పక్కకు జరిపే పళ్ల కడ్డీ) స్టీరింగ్ కాలమ్‌లోనో లోపం. పట్టు పోతే షాక్ పై బేరింగ్‌నో బాల్ జాయింట్‌నో చూడాలి. చక్రాలు నేల మీద, స్టీరింగ్ లాక్ తీసి ఉన్నప్పుడు బంపర్‌ను గట్టిగా కిందికి నొక్కి వదలండి. స్టీరింగ్ అటూ ఇటూ కదిలితే ర్యాక్ తన మట్టం తప్పినట్టు. అలాంటి బండి స్పీడ్ బ్రేకర్ మీద పక్కకు దూకుతుంది.

వంగిన టై రాడ్, ఆర్మ్, నకిల్ కొత్తవి వేయాల్సిందే. వేడిచేసి తిన్నగా కొట్టినవి చూపుకు బాగుంటాయి, లోపల ఇనుము బలం పోతుంది. ఆర్మ్ బుష్ బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేల మీదకు దిగి బండి బరువు పడ్డాకే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి తొందరగా చిరుగుతుంది. స్టీరింగ్ వంకరగా ఉందని స్టీరింగ్ వీల్ ఊడదీసి ఒక పల్లు జరిపి పెట్టడం మాత్రం ఘోరం. ర్యాక్ మధ్య స్థానం తప్పుతుంది, ఎయిర్‌బ్యాగ్ రిబ్బన్ కేబుల్ తెగొచ్చు. స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచే యాంగిల్ సెన్సర్ ఉన్న బండికి అన్నీ అయ్యాక స్కానర్‌తో సున్నా పెట్టించాలి, లేకపోతే డ్యాష్‌బోర్డు మీద లైటు ఆరకపోవచ్చు.

రోడ్డు మీద పరీక్షించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. వాన నీరు జారడానికి మన రోడ్లు ఎడమకు వాలి ఉంటాయి, కాబట్టి మంచి బండైనా కొంచెం అటు పోతుంది. చదును చోట చూడండి. అయినా లాగితే ముందు చక్రాల టైర్లు రెండూ తారుమారు చేయండి. లాగుడు రెండోవైపుకు మారితే లోపం టైరుదే. 500 కిలోమీటర్లు తిరిగాక టైరు మీద అరచేతిని అడ్డంగా రాయండి. ఒక దిక్కుగా రాస్తే నున్నగా, తిరుగు దిక్కుగా రాస్తే గీరుకున్నట్టు తగిలితే టో ఇంకా సరిగ్గా లేదు.