సీతంపేట కొండల్లో ఇప్ప తగ్గి జీడి ఎందుకు పెరిగింది?

పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట, కురుపాం కొండల మీద ఇప్పుడు ఎటు చూసినా జీడితోటలే. పోడు (అడవి కొట్టి, కాల్చి చేసే సాగు) మానిపించాలని సర్కారు మొక్కలిచ్చింది, రైతు నాటాడు, నాలుగు డబ్బులు కళ్లజూశాడు. అందులో తప్పేమీ లేదు. అయితే జీడి రాకముందు ఆ వాలుల్లో ఏమేం ఉండేవో కూడా చూడాలి.

ఇక్కడి గిరిజనులైన సవరలు, జాతాపులు పోడు కొట్టినా అన్ని చెట్లూ నరికేవారు కాదు. ఇప్ప, చింత, పనస, మామిడి, జీలుగు వదిలేసి, వాటి మధ్య రాగులు, సామలు, కందులు చల్లేవారు. ఇప్పనే తీసుకోండి. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. చెట్టు కింద ముందే ఊడ్చి ఉంచుకుని, పశువులు రాకముందే బుట్టలకెత్తాలి. ఎండబెట్టిన పువ్వును ఉడికించి తింటారు, సారా కాస్తారు (ఎక్సైజు వాళ్లకు కనబడేది ఈ రెండోదే). తర్వాత కాయలొస్తే పలుకులు ఆడించి వంటకు, దీపానికి నూనె తీస్తారు. గింజలు అయిపోయిన వానాకాలంలో మామిడి టెంకల పిండితో కాచిన అంబలే చాలా ఇళ్లలో కడుపు నింపేది.

1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత కొండలు క్రమంగా రిజర్వు ఫారెస్టులయ్యాయి. పండు కోసుకునేవాడు గిరిజనుడు, నేల సర్కారుది, ధర షావుకారుది. ఉప్పు, గుడ్డ అప్పిచ్చి చింతపండు తనకు నచ్చిన కొలతతో కొలుచుకునేవాడు. దీన్ని అరికట్టడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. అయినా షావుకారు పట్టు సడలలేదు. భూమి, కూలి, అడవి హక్కుల మీద గిరిజన సంఘం కదిలింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయారు. శ్రీకాకుళం గిరిజన సాయుధ పోరాటం అక్కడి నుంచే రాజుకుంది.

ఆ తర్వాతే సర్కారు కదిలింది: 1970లో గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1/70 చట్టం, పిమ్మట ఐటీడీఏలు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు), 1979లో అటవీ ఉత్పత్తుల కొనుగోలు సహకార సంస్థకే అప్పగిస్తూ నిబంధన. జీడి విస్తరించింది ఈ అభివృద్ధి పథకాల దారిలోనే. జీడికి ఒక గుణం ఉంది: గుబురుగా అల్లుకున్నాక కింద రాగి, కంది పండనివ్వదు. తినేవన్నీ పోయి అమ్ముకునేది ఒక్కటే మిగిలితే, బియ్యం కోసం మళ్లీ సంతకే నడవాలి.

2006 అటవీ హక్కుల చట్టం సాగుభూమికి పట్టాతో పాటు, తరతరాలుగా ఏరుకుంటున్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం కూడా ఇచ్చింది. పట్టాల లెక్కలు ప్రతి సభలోనూ వినిపిస్తాయి, రెండో హక్కు ఊసెత్తేవారు తక్కువ. 

అమ్ముకునే చెట్లనే నమ్ముకుంటే ఏమవుతుందో 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో తోటలను కూల్చి చూపించింది. కూలిన జీడి చోట మళ్లీ మొక్క నాటితే కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది.