ఇటుక తేలిందా, ఎంతసేపు తేలింది?

సైన్స్ ఫెయిర్ అనగానే మన బళ్లలో ముందు కొనేది థర్మకోల్ షీటు. అగ్నిపర్వతం, రాకెట్టు, సిరంజీలతో నడిచే జేసీబీ తయారైపోతాయి. పిల్లలు వివరణంతా గడగడా అప్పజెప్తారు. "సిరంజీల్లో నీళ్లు తీసేసి గాలి ఉంచితే బరువు లేస్తుందా?" అని అడిగి చూడండి, టీచర్ వైపు చూస్తారు. తీసి చూస్తే నిమిషంలో తేలే సంగతి అది. గాలి నొక్కుకుపోతుంది, నీళ్లు నొక్కుకుపోవు. కానీ ముస్తాబు చేసిన మోడల్‌ని కదిలించనిచ్చేదెవరు?

హనుమకొండలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. ఇలాంటి కేంద్రాల్లో తరచుగా కనిపించే ప్రదర్శన ఒకటి చెప్తాను. ఒక రాగి పలక, ఒక అల్యూమినియం పలక, రెంటికీ కలిపి ఒక మీటరు. చెరో పలక మీద అరచెయ్యి ఆనిస్తే ముల్లు కదులుతుంది. అల్యూమినియం ఎలక్ట్రాన్లను వదులుతుంది, చేతి చెమటలోని ఉప్పునీరు వలయాన్ని కలుపుతుంది. బోర్డు మీద ఇంతే రాసుంటుంది. చేతులు తడుపుకుంటే ముల్లు ఇంకాస్త జరుగుతుందని, ఇద్దరు చేయీచేయీ పట్టుకుని చెరో పలక ముడితే వెనక్కి తగ్గుతుందని మాత్రం పిల్లలే కనిపెడతారు. రెండు పలకలూ రాగివే అయితే కదలదు. ముట్టుకోకముందే "ఏమవుతుందో చెప్పు" అని అడిగితే చాలు, ఆట కాస్తా ప్రయోగమైపోతుంది.

ప్రాజెక్టుకు మన దగ్గర రామప్పను మించిన వస్తువు లేదు. ములుగు జిల్లా పాలంపేటలో 1213 నాటి గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయని గైడు చెప్తాడు, పిల్లలు ఫొటో దిగి బస్సెక్కుతారు. అక్కడ ఆగిపోవడమే నాకు నచ్చదు. ఆ ఇటుకల సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.85 నుంచి 0.9 గ్రాములంటారు. గుల్ల లేకుండా గట్టిగా కాలిన మట్టిది సుమారు 2.6. అంటే తేలే ఇటుకలో మూడింట రెండు వంతులు ఖాళీయే!

ఆ ఖాళీ మనం చెయ్యగలమా? కాకతీయుల మేస్త్రీలు ఏం కలిపారన్న చర్చ పక్కనపెట్టి, మనకు సులువైనదాంతో మొదలుపెట్టొచ్చు. చెరువు మట్టిలో వరి ఊక ఒక్కో పాలు పెంచుతూ కలిపి, అగ్గిపెట్టె అంత ఇటుకలు చేసి, నీడన ఆరబెట్టి, కుమ్మరి ఆవంలో కాల్పించాలి. ఊక కాలిపోయిన చోట రంధ్రాలు మిగులుతాయి. కొన్ని పగులుతాయి. విరిచి చూస్తే కొన్నిటి నడుమ నల్లగా ఉంటుంది: అక్కడికి గాలి సరిగా అందలేదు, ఊక బూడిద కాకుండా బొగ్గయింది. తెల్లచార్టు మీద అతికించాల్సింది ఆ ముక్కనే. మార్కులు వేసేవాళ్లకు నచ్చకపోవచ్చు.

నీళ్లలో వేస్తే ఇంకో చిక్కు. కొన్ని కాసేపు తేలి, బుడగలు వదులుతూ మునుగుతాయి. రంధ్రాలు బయటికి తెరుచుకుని ఉంటే నీళ్లు దూరతాయి మరి. పొడిగా ఒకసారి, రాత్రంతా నానబెట్టి ఒకసారి తూచితే ఎన్ని నీళ్లు తాగిందో తెలుస్తుంది. అలాంటిదే ఇంకో ముక్కకు కొవ్వొత్తి మైనం పూసి వేయాలి. అది మునగకుండా నిలిస్తే, తేలడానికి రంధ్రాలుంటే సరిపోదు, అవి మూసుకుని ఉండాలి అన్నమాట.

చివరగా ముక్కల మీద బరువులు పెంచుతూ పోవాలి. ఊక ఎక్కువైనవి త్వరగా నలిగి పొడి అయిపోతాయి. ఇలాంటి ఇటుకతో గోడ కట్టి పైన బరువు మోపలేం. శిఖరం కథ వేరు, దాని మీద ఇంకేమీ లేదు. అది ఎంత తేలికైతే కింది రాతి స్తంభాల మీద, ఇసుక నింపిన పునాది మీద అంత తక్కువ భారం.