నా నోట్సులో ఒక తప్పు ఉంది

చిరంజీవులు అనూషకు, కార్తీక్‌కు తాతయ్య దీవెనలు.

ఇక్కడ నానమ్మా నేనూ కులాసా. వేసవి సెలవుల్లో అటక మీది నుంచి దించి మీరు పట్టుకెళ్ళిన నా పాత జంతుశాస్త్రం నోట్సు నాకింత పని పెడుతుందని అనుకోలేదు. "ఊపిరితిత్తుల్లో సూక్ష్మజీవులు ఉండవని రాశావు, నిజమేనా తాతయ్యా?" అని మొన్న ఫోనులో అనూష అడిగితే "ఉత్తరం రాస్తాలే" అని తప్పించుకున్నాను. అసలు సంగతి, సిగ్గేసింది. "ఆరోగ్యవంతుని ఊపిరితిత్తులలో సూక్ష్మజీవులు ఉండవు" అని నా చేత్తోనే రాసి, కింద రెండు గీతలు గీసి, ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు అదే చెప్పాను. పరీక్షలో అలా రాసినవాళ్ళకు మార్కులు కూడా వేశాను. అది తప్పు.

నా ఒక్కడి తప్పు కాదులెండి. అప్పట్లో ఊపిరితిత్తుల నుంచి తీసిన కాస్త ద్రవాన్ని పోషకాలు కలిపిన గాజు పళ్ళెంలో వేసి, వెచ్చగా ఉంచి, రెండు రోజుల తర్వాత ఏమైనా పెరిగాయా అని చూసేవారు. పెరగకపోతే లేనట్టే లెక్క. గాలి తగిలితే చచ్చేవి, మనం పెట్టిన తిండి సరిపడనివి ఎన్నో ఉంటాయి. అతిథి మన ఇంట్లో భోంచెయ్యలేదు కాబట్టి అసలు రానే లేదని చెప్పడం లాంటిది ఇది. 2007లో అమెరికాలో మనిషి ఒంటి మీది సూక్ష్మజీవుల లెక్క తేల్చే పెద్ద పథకం మొదలుపెట్టినప్పుడు కూడా నోరు, ముక్కు, చర్మం, పేగులు జాబితాలోకి ఎక్కాయి కానీ ఊపిరితిత్తుల ఊసు లేదు.

2010లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఈ పళ్ళేల పద్ధతి పక్కనపెట్టి, నేరుగా డీఎన్ఏ చదివారు. అన్ని బాక్టీరియాలలోనూ ఉండే జన్యువు ఒకటుంది. రకాన్ని బట్టి అందులోని అక్షరాలు కాస్త మారుతుంటాయి కాబట్టి, దాన్ని చదివితే ఎవరెవరు ఉన్నారో తెలిసిపోతుంది. శ్వాసనాళికల లోపలి గోడ మీద చదరపు సెంటీమీటరుకు సగటున 2,000 బాక్టీరియాల ఆనవాళ్ళు దొరికాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళలో హీమోఫిలస్ వంటివి ఎక్కువగా ఉంటే, లేనివాళ్ళలో ప్రివొటెల్లా అనే రకం ఎక్కువగా కనిపించింది. ఈ ప్రివొటెల్లా పేరు గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తుంది.

పెద్దపేగులో గ్రాముకు పది వేల కోట్ల దాకా బాక్టీరియా ఉంటాయి. దాని ముందు ఊపిరితిత్తుల్లో ఉన్నవి లెక్కలోకే రావు. పేగు తరతరాలుగా కాపురాలున్న ఊరైతే, ఊపిరితిత్తి సత్రం. వచ్చేవాళ్ళు వస్తుంటారు, పోయేవాళ్ళు పోతుంటారు. ఏ పూట చూసినా నలుగురు మాత్రం ఉంటారు.

ఎక్కడి నుంచి వస్తారంటారా? గాలితో కొందరు వస్తారు. ఎక్కువమంది మాత్రం మన నోట్లో నుంచే. 1978లో ఒక ప్రయోగం జరిగింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు నిద్రపోతున్నప్పుడు ముక్కులోకి రవంత రేడియోధార్మిక ద్రవాన్ని చుక్కలుగా వదిలి, తెల్లవారాక ఛాతీని స్కాన్ చేసి చూస్తే, 45 శాతం మందిలో అది ఊపిరితిత్తుల్లోకి చేరి ఉంది. గాఢనిద్రలో మనకు తెలియకుండా లాలాజలం అలాగే బొట్లుబొట్లుగా కిందికి దిగుతుంది. దానితోపాటు నోటిలోని ప్రివొటెల్లా, వీలొనెల్లా, స్ట్రెప్టోకాకస్ జాతులూ దిగుతాయి.

మరి పోయేదెలా? కార్తీక్, నోట్సులో కప్ప బొమ్మ పక్కన "సుద్దపొడి" అని రాసి ఉంటుంది చూడు. ప్రాణం తీసిన కప్ప నోరు తెరిచి, అంగిలిని ఉప్పునీటితో తడిపి, చిటికెడు సుద్దపొడి చల్లేవాణ్ణి. "చూస్తూ ఉండండి" అనేవాణ్ణి, అంతే. పిల్లలు బల్ల చుట్టూ మూగేవారు. ముందు ఏమీ జరగదు. వెనక వరసలో ఎవడో నవ్వుతాడు. తర్వాత ఆ తెల్లటి మచ్చ అంచు కదులుతుంది. ఎవరూ ఊదలేదు, ఎవరూ నెట్టలేదు, కప్పకు ప్రాణం లేదు. అయినా పొడి మొత్తం చాపలా గొంతువైపు జారిపోయేది. ఒకసారి ముందు నిలబడిన అమ్మాయి "సార్, ఇది ఇంకా బతికే ఉంది" అని అరిచి పరుగెత్తింది. బతికి ఉన్నవి శైలికలు. కంటికి కనపడని వెంట్రుకల్లాంటివి, సెకనుకు పది పన్నెండు సార్లు కొట్టుకుంటూ శ్లేష్మాన్ని ఒకే దిక్కుకు తోస్తుంటాయి. మన శ్వాసనాళాల్లోనూ ఇవే ఉన్నాయి, తోసేది గొంతువైపే, అంటే కింది నుంచి పైకి. అలా వచ్చిన శ్లేష్మాన్ని తెలియకుండానే మింగేస్తుంటాం. పొగ తాగితే మొదట దెబ్బతినేది ఈ చీపురే. ఇప్పుడు కాలేజీల్లో కప్పలను కోయడం మానేశారు. మంచిదే. ఆ సుద్దపొడి కదలడం మీరు చూడలేదనే చిన్న విచారం మాత్రం నాకుంది.

ఊరికే వచ్చిపోయే ఈ బాటసారుల వల్ల మనకు ఒరిగేదేమిటి? 2014లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్ నగరంలో ఎలుక పిల్లల మీద చూశారు. పుట్టిన మొదటి రెండు వారాల్లో ఊపిరితిత్తుల్లోకి బాక్టీరియా వచ్చి చేరుతుంటే, దుమ్ములో ఉండే పురుగుల పదార్థానికి అతిగా రెచ్చిపోకుండా ఉండడం రక్షణ కణాలకు అలవాటవుతుంది. ఆ చేరికను ఆపితే పెద్దయ్యాక కూడా ఆ అలవాటు అబ్బలేదు. ఊపిరితిత్తికి ఓర్పు నేర్పేది సూక్ష్మజీవులన్నమాట. ఇంతవరకు నాకు పెద్ద ఆశ్చర్యం లేదు. పేగుల విషయంలో ఇలాంటివి ముందే చదివాను.

నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది మెదడు సంగతి.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు ఒకటుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరాల తంతువులకు మైలిన్ అనే తొడుగు ఉంటుంది. ఈ జబ్బులో మన రక్షణ కణాలే దాన్ని పరాయిదనుకుని కొరికేస్తాయి. చూపు మసకబారుతుంది, కాళ్ళు తడబడతాయి. ఆ దాడి చేసే రక్షణ కణాలు, అంటే టి కణాలు, మెదడుకు నేరుగా పోకుండా, ముందు ఊపిరితిత్తుల్లో మజిలీ చేసి, మెదడులోకి చొరబడే సామర్థ్యం అక్కడ సంపాదించుకుని వెళతాయని జర్మనీలోని గోటింగెన్ పరిశోధకులు 2012లో ఎలుకల్లో కనిపెట్టారు. పదేళ్ళ తర్వాత, 2022లో, అదే బృందం ఇంకో ప్రశ్న వేసింది: ఆ మజిలీలో ఉన్న బాక్టీరియాను కదిలిస్తే ఏమవుతుంది?

నియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను చాలా తక్కువ మోతాదులో ఎలుకల శ్వాసనాళంలోకి పంపారు. పేగులోని బాక్టీరియా చెక్కుచెదరలేదు. ఊపిరితిత్తుల్లో మాత్రం మేళవింపు మారింది. ఆ ఎలుకల్లో మెదడు జబ్బు బాగా తగ్గిపోయింది! టి కణాల్లో ఏమైనా లోపమా అని వెతికితే, అవి బాగానే ఉన్నాయి. మారింది మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు. దాడి జరుగుతోందన్న కబురు అందినా ఎప్పటిలా ఎగిరి లేవడం లేదు.

ఊపిరితిత్తిలో మందు వేస్తే మెదడులో కావలివాడు నెమ్మదించడమేమిటి? ఇక్కడే మన ప్రివొటెల్లా మళ్ళీ వస్తుంది. నియోమైసిన్ వల్ల దాని వర్గం బాక్టీరియా వాటా పెరిగింది. వాటి పైపొరలో లైపోపాలీశాకరైడ్ అనే పదార్థం ఉంటుంది. విడిగా ఆ పదార్థాన్నే ఊపిరితిత్తుల్లో పెట్టి చూస్తే జబ్బు తగ్గింది. దాన్ని పనిచేయకుండా కట్టేసే పాలిమిక్సిన్ అనే మందు ఊపిరితిత్తుల్లోనే వేస్తే జబ్బు ముదిరింది. రెండు వైపుల నుంచీ సరిచూసుకోవడమంటే ఇదీ. ఒక వైపు చూసి గంతులేసే ప్రయోగాలు నేను బోలెడు చదివాను, అందుకే ఇది నచ్చింది.

అయితే తొందరపడకండి. ఇది ఎలుకల కథ. పొగతాగేవారిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ముప్పు ఎక్కువని మనుషుల్లో తెలిసిన సంగతే కానీ, దానికి ఊపిరితిత్తుల బాక్టీరియానే కారణమని చెప్పడానికి వీల్లేదు. ఇంకొకటి: ఈ జబ్బులో కావలివాడు కునికితే మేలే కావచ్చు, మెదడులోకి నిజంగా శత్రువు వచ్చిన రోజున అదే కునుకు కొంప ముంచదూ? కాబట్టి ప్రివొటెల్లా మంచిది, హీమోఫిలస్ చెడ్డది అని రెండు వరుసలు గీసి నోట్సులో రాసుకోవద్దు. రేపెవరైనా "ఊపిరితిత్తులకు మేలుచేసే బాక్టీరియా" అని సీసాలో పెట్టి అమ్మితే కొనకుండా ముందు నాకు ఫోను చెయ్యండి. జలుబుకు యాంటీబయాటిక్ మింగే మీ నాన్న అలవాటు గురించి ఆయనతో వేరే మాట్లాడతాను.

నోట్సులో ఆ వాక్యాన్ని కొట్టేసి, మార్జిన్‌లో "2010లో తప్పని తేలింది" అని రాయండి. కాగితం చింపవద్దు.

చివరగా ఒక ఇంటి పని. నోటిలోది ఊపిరితిత్తికి చేరుతుందని చెప్పాను కదా. జపాన్‌లోని టోక్యోలో 85 ఏళ్ళు దాటినవాళ్ళను గమనిస్తే, కట్టుడు పళ్ళు పెట్టుకునే నిద్రపోయేవారికి న్యుమోనియా ముప్పు రెట్టింపుకు మించి ఉందని 2015లో ప్రచురించారు. నానమ్మకు అంత వయసు లేదు కానీ, పళ్ళ సెట్టు తీయకుండానే పడుకుంటుంది. నేను చెబితే "నా పళ్ళు నా ఇష్టం" అంటుంది. రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసి, తీసి గిన్నెలో వేసిందో లేదో అనూషే అడగాలి. నీ మాట కాదనదు.

మీ
తాతయ్య