లైసెన్స్ వచ్చేసింది కదా, ఇక భయం లేదా? టీనేజ్ డ్రైవింగ్ గురించి అపోహలు - వాస్తవాలు

టీనేజ్ పిల్లలకు కారు నడపడం నేర్పడం నా వృత్తి. విచిత్రమేమిటంటే అపోహలు పిల్లల దగ్గర తక్కువ, వాళ్లను దింపడానికి వచ్చే అమ్మానాన్నల దగ్గర ఎక్కువ. పిల్లలు తమకు రాదని ఒప్పేసుకుంటారు. పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి నడిపిన అలవాటు ఉంటుంది కాబట్టి ఎప్పుడో విన్నదాన్నే నిజమనుకుని పిల్లలకు చెప్పేస్తారు. సెలవులకు క్రూయిజ్ బుక్ చేసుకున్న కుటుంబాలైతే ఇంకొన్ని ప్రశ్నలు తెస్తాయి. నేను తరచుగా వినేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: లైసెన్స్ చేతికొచ్చిందంటే గండం గడిచినట్టే.

వాస్తవం: అసలు గండం అప్పుడే మొదలవుతుంది. పక్కన పెద్దవాళ్లు కూర్చున్నంత కాలం టీనేజర్లు చేసే ప్రమాదాలు చాలా తక్కువ. ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలల్లో అవి ఒక్కసారిగా పెరుగుతాయి, అనుభవం వచ్చేకొద్దీ మెల్లగా తగ్గుతాయి. 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువాళ్ల మరణాలకు రోడ్డు ప్రమాదాలే మొదటి కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

న్యూజిలాండ్ 1987లోనే దీనికొక పద్ధతి తెచ్చింది. లైసెన్స్ మొత్తం ఒకేసారి ఇవ్వరు. ముందు పక్కన అనుభవం ఉన్నవాళ్లు ఉంటేనే నడపాలి. తర్వాత ఒంటరిగా నడపొచ్చు కానీ రాత్రి పొద్దుపోయాక నడపకూడదు, స్నేహితులను ఎక్కించుకోకూడదు. ఆ తర్వాతే పూర్తి లైసెన్స్. అమెరికా రాష్ట్రాలు కూడా తర్వాత ఇదే దారి పట్టాయి. మీరున్నచోట చట్టం ఇవేవీ అడగకపోవచ్చు, ఇంట్లో పెట్టుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. నన్నడిగితే తాళం ఇచ్చేముందే ఈ షరతులు మాట్లాడుకోవాలి. ఇచ్చాక మాట్లాడితే అది గొడవే అవుతుంది.

అపోహ: పక్కన ఫ్రెండ్ ఉంటే మంచిదే, రోడ్డు మీద ఇంకో జత కళ్లు ఉన్నట్టు.

వాస్తవం: ఆ కళ్లు రోడ్డు మీద ఉండవు. టీనేజర్ నడుపుతుంటే కారులో తోటి వయసువాళ్లు పెరిగేకొద్దీ ప్రమాదం కూడా పెరుగుతుంది. అదే కారులో ఒక పెద్దమనిషి కూర్చుంటే తగ్గుతుంది.

అపోహ: కుర్రవాళ్లు కదా, రిఫ్లెక్సులు చురుగ్గా ఉంటాయి, బ్రేక్ టైమ్‌కి పడుతుంది.

వాస్తవం: ప్రమాదం కంటికి కనిపించాకే రిఫ్లెక్స్ పనిచేస్తుంది. కొత్తవాళ్ల ఇబ్బందల్లా అది ఆలస్యంగా కనిపించడమే. నేర్చుకునే పిల్లల చూపు ఎక్కువగా బానెట్ ముందు కొద్దిపాటి రోడ్డు మీదే నిలిచిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు దూరం చూస్తారు, పక్కలు చూస్తారు, అద్దాల్లోకి చూసి మళ్లీ దూరం చూస్తారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. ఒక్క సెకను ఆలస్యంగా చూస్తే, బ్రేక్ మీద కాలు పడకముందే అంత దూరం అయిపోతుంది. పైగా వేగం రెట్టింపైతే, బ్రేక్ వేశాక ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది.

బ్రిటన్‌లో 2002 నుంచి రాత పరీక్షతో పాటు వీడియోలు చూపించి, ముంచుకొచ్చే ప్రమాదాన్ని ఎంత ముందుగా గుర్తుపడుతున్నారో కూడా పరీక్షిస్తున్నారు. ఇంట్లో దీన్ని డబ్బు ఖర్చు లేకుండా సాధన చేయించవచ్చు. కారు మీరే నడపండి. పక్కన కూర్చున్న అబ్బాయినో అమ్మాయినో కనిపించినదంతా పైకి చెప్పమనండి: "ఆగిన కారులో మనిషి ఉన్నాడు, తలుపు తీయొచ్చు", "బంతి దొర్లింది, వెనక పిల్లాడు రావొచ్చు". మొదట్లో ఎదురుగా ఉన్న కారు తప్ప ఇంకేమీ చెప్పరు. కొన్నాళ్లకు మీరు గమనించనివి కూడా చెబుతారు. అప్పుడు స్టీరింగ్ వాళ్లకిచ్చి అదే పని నడుపుతూ చేయమనండి. గేర్లు మార్చడం, పార్కింగ్ చేయడం నేర్పడం తేలిక. నా పనిలో ఎక్కువ భాగం ఈ చూపు నేర్పడమే.

అపోహ: పక్కన కూర్చున్నవాళ్లు "చూసుకో, జాగ్రత్త" అని అంటూ ఉండాలి.

వాస్తవం: ఆ రెండు మాటల్లో ఏం చేయాలో లేదు. బిడ్డకు అర్థమయ్యేది అమ్మ భయపడిందని మాత్రమే. "అయ్యో" అంటే ఇంకా ప్రమాదం, చాలామంది పిల్లలు వెంటనే బ్రేక్ తొక్కేస్తారు.

క్రూయిజ్‌కి వెళ్లే కుటుంబాలకు నేను చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఓడను నడిపే గదిలో (దాన్ని బ్రిడ్జి అంటారు) అధికారి చుక్కాని ఎంత తిప్పాలో ఆదేశిస్తే, చుక్కాని పట్టుకున్న వ్యక్తి ఆ మాటను యథాతథంగా తిరిగి పలుకుతాడు, తిప్పుతాడు, తిప్పాక మళ్లీ చెబుతాడు. అంత పెద్ద ఓడలో తప్పుగా విన్న మాటకు చోటు ఉండకూడదు కాబట్టి ఆ పద్ధతి. కారులో కూడా అలాగే చేయండి. ముందు ఎక్కడో చెప్పండి, తర్వాత ఏం చేయాలో చెప్పండి: "వచ్చే సిగ్నల్ దగ్గర, ఎడమకి." పిల్లలు దాన్ని తిరిగి చెప్పాలి. చెప్పలేదంటే వినలేదని అర్థం, ఆ మలుపు వదిలేసి నేరుగా వెళ్లనివ్వండి. తప్పు జరిగితే విచారణ అక్కడికక్కడే వద్దు, బండి పక్కకు ఆపాక మాట్లాడుకోవచ్చు. ఆపాక కూడా "ఎందుకలా చేశావు" అని కాకుండా "అప్పుడు నీకేం కనిపించింది" అని అడిగి చూడండి. టెన్షన్ సగం తగ్గుతుంది, ఇద్దరికీ.

అపోహ: వారం రోజులు ఓడ మీద గడిపితే నేర్చుకున్నదంతా మర్చిపోతారు.

వాస్తవం: మర్చిపోరు. మధ్యలో ఎడం ఇస్తూ చేసిన సాధనే ఎక్కువ నిలుస్తుంది. తిరిగొచ్చాక మొదటిసారి పగటిపూట, తెలిసిన దారిలో, కొద్దిసేపు నడిపిస్తే చాలు.

నన్ను భయపెట్టేది ఇంకో ఆలోచన. "వారం నుంచి నడపలేదు కదా, పోర్ట్ నుంచి ఇంటికి నువ్వే నడుపు" అని ప్రేమగా తాళాలు ఇవ్వడం. ఆ రోజు ఎలా ఉంటుందో ఆలోచించండి. చివరి రాత్రి ఆలస్యంగా పడుకుంటారు, పొద్దున్నే దిగాలి. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. దాదాపు 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి నడిపే తీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల తీరులా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. దానికి తోడు ఓడలో కడుపులో తిప్పుతోందని వేసుకున్న మాత్రలు. డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజిన్ లాంటివి మగత తెప్పిస్తాయి. చెవి వెనక అంటించే స్కోపోలమైన్ ప్యాచ్ చూపును కూడా మసకబార్చగలదు, తీసేశాక కూడా ఆ ప్రభావం కొంతసేపు ఉండొచ్చు. "మాత్రే కదా" అని పిల్లలు చెప్పరు, మీరే అడగాలి. ఇక ఓడ దిగాక నేల ఊగుతున్నట్టు అనిపించడం చాలామందికి అనుభవమే. మామూలుగా అది ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అది పోయేదాకా పిల్లలే కాదు, పెద్దవాళ్లూ స్టీరింగ్ పట్టకపోవడం మంచిది.

కారు కూడా ఆ రోజు మామూలుగా ఉండదు. నలుగురు మనుషులు, వాళ్ల సూట్‌కేసులు కలిస్తే ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, వెనక అద్దంలోంచి ఏమీ కనిపించదు. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద చాలా కార్లకు నిండు బరువుకి టైర్లలో ఎంత గాలి ఉండాలో విడిగా రాసి ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. బయట షటిల్ బస్సులు, పెట్టెలు లాక్కుంటూ రోడ్డు దాటే జనం, ఎక్కడంటే అక్కడ ఆగిపోయే ట్యాక్సీలు. కొత్త డ్రైవర్‌కి ఇంతకంటే చెడ్డ పాఠం దొరకదు.

అపోహ: ఓడ మీద గో-కార్ట్ (చిన్న రేసు బండి) అదరగొట్టాడు, కారు కూడా వచ్చేసినట్టే.

వాస్తవం: 2017లో వచ్చిన నార్వేజియన్ జాయ్ ఓడ డెక్ మీద గో-కార్ట్ ట్రాక్ పెట్టారు, ఆ తర్వాత మరికొన్ని ఓడల మీదకూ వచ్చింది. సరదాకి బాగుంటుంది. కానీ అక్కడ అందరూ ఒకే వైపు వెళ్తారు, ఎదురొచ్చేవాళ్లు లేరు, దాటేవాళ్లు లేరు. అక్కడ వచ్చేది స్టీరింగ్ మీద ధైర్యం. ఆ ధైర్యం గురించే నా దిగులు. నార్వేలో ఒకప్పుడు కొత్త డ్రైవర్లకు జారే రోడ్డు మీద కారును అదుపు చేసే శిక్షణ ఇచ్చారు. కుర్రవాళ్ల విషయంలో ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. జారితే అదుపు చేయగలమన్న నమ్మకంతో జారే పరిస్థితి దాకా వెళ్లడం మొదలుపెట్టారు.

చిన్నవి కొన్ని గబగబా. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో బ్రేక్‌ని వదిలి వదిలి తొక్కాలన్నది పాత కార్ల పాఠం, ఇప్పుడు గట్టిగా తొక్కి అలాగే పట్టాలి. పెడల్ కింద గుబగుబమంటే అది పనిచేస్తోందని అర్థం, భయపడి కాలు తీయకూడదు. చేతులు గడియారంలో పది, రెండు దగ్గర కాకుండా తొమ్మిది, మూడు దగ్గర ఉండాలి, ఛాతీకి స్టీరింగ్‌కి మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఆ చోటు కావాలి. హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడితే చేతులు ఖాళీ అవుతాయి, బుర్ర కాదు.

అపోహ: గీతలు పడతాయి కదా, పిల్లలకు ఇంట్లోని పాత చిన్న కారు ఇస్తే చాలు.

వాస్తవం: గీతల సంగతి సరే. ఇంట్లో అందరికంటే తక్కువ అనుభవం ఉన్న మనిషికి అందరికంటే తక్కువ రక్షణ ఉన్న కారు ఇస్తున్నామన్నది ఎవరికీ తట్టదు. కారు పట్టు తప్పుతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి దారిలోకి తెచ్చే ఈఎస్‌సీ అనే ఏర్పాటు, ఒంటరి కారు అదుపు తప్పి జరిగే ప్రమాదాలను బాగా తగ్గిస్తుంది. అమెరికాలో 2012 మోడల్ నుంచి, యూరప్‌లో 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. సెకండ్‌హ్యాండ్ కారు కొంటున్నా ఈఎస్‌సీ ఉందా అని ముందు అడగండి, మైలేజీ గురించి తర్వాత అడగొచ్చు. కారు స్టార్ట్ చేయగానే మీటర్ల దగ్గర కారు కింద వంకర గీతలున్న బొమ్మ ఒకటి వెలిగి ఆరిపోతే అది ఉన్నట్టే. ఆరిపోకుండా వెలుగుతూనే ఉంటే ముందు మెకానిక్‌కి చూపించాలి.